గట్టు మీది దొరగారి పాట

“అత్తయ్యగారూ, ఈ పాటకి మూలం చెప్పండి,” అన్నాడు బాలశౌరి.

“ఏ మూల బాబూ? రోలున్న మూలా, మీ హార్మణీ ఉన్న మూలా?” అంటూ సంపూర్ణమ్మ చీపురు అందుకుంది.

మూల కాదు, మూలం అనీ, అంటే పాట పుట్టుక అనీ సర్దిచెప్పేసరికి ఇడ్లీలు చల్లారిపోయాయి. అది 1974 సెప్టెంబరు. బాలశౌరి గుణదలలో ఒక బడికి పాటల మాస్టారు. అయిదేళ్లుగా తాళం వేస్తున్నాడు గాని ఉద్యోగానికి తాళం పడలేదు, ఇంకా టెంపరరీయే. శనివారం కమిటీ ముందు ఒక జానపద గీతం పాడి, దాని పుట్టుక రుజువు చేస్తే పర్మనెంటు. లేకపోతే పాటలు పోయి పాట్లు మిగులుతాయి. నాట్లు అయిపోయాక కంకిపాడు అవతలి నుంచి కూతుర్ని చూడవచ్చిన అత్తగారు పిండి రుబ్బుతూ తీసిన కూనిరాగం అతనికి దేవుడు పంపినట్టే అనిపించింది.

“మా మళ్లోనే పుట్టిందండీ. నాట్లేసేటప్పుడు పాడతాం. రెండు చరణాలు నేర్చుకోండి చాలు. మిగతావి మీరు పాడేవి కావు,” అంది ఆవిడ.

మిగతావి మోటు సరసం కాబోలనుకుని బాలశౌరి సిగ్గుపడి ఊరుకున్నాడు. శనివారం ఆ రెండే పాడాడు.

*మల్లెపువ్వు బట్టలోడు మడిగట్టు కొచ్చె*
*గొడుగేసి దొరగారు కొలువుండి చూసె*

కమిటీలో తిరుపతిరావు గారని కాలేజీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు. కుర్చీలో ముందుకు జరిగారు. “తెల్లబట్టలు, గొడుగు, దొర. ఇంకేం కావాలండీ? బందరులో దిగిన డచ్చివాడు. మూడొందల ఏళ్లనాటి పాట. అంతేనా?”

కాదంటే ఉద్యోగం ఏమవుతుందో బాలశౌరికి తెలుసు. “మా అత్తగారు కూడా అదే అంటారండీ,” అన్నాడు.

“అయితే మరీ మంచిది,” అన్నారు హెడ్మాస్టరు ఇశ్రాయేలు గారు. “సోమవారం ఆవిణ్ణి తీసుకురండి. మిగతా చరణాలు పిల్లలు కూడా వింటారు.”

ఇంటికొచ్చి చెబితే సంపూర్ణమ్మ తల అడ్డంగా ఊపింది. “వద్దు బాబూ, బాగోదు.”

“మోటుగా ఉంటే ఉండనివ్వండి. నా ఉద్యోగం మీ గొంతులో ఉంది.”

“ఏవండీ, నా మాటిని ఇంకో పాట చూసుకోండి,” అంది భార్య తెరేసమ్మ.

“నీకేం తెలుసు? ఇది డచ్చి పాట.”

తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. భుజాలు కదలడం చూసి, “ఏడవకే, పర్మనెంటు అవుతుందిలే,” అని ఓదార్చాడు బాలశౌరి.

సోమవారం బడంతా వరండాలో కూర్చుంది. “అల్లుడుగారూ, ఆఖరుసారి అడుగుతున్నా, పాడమంటారా?” అంది సంపూర్ణమ్మ. పాడమని అతను హార్మోనియం ముందు కూర్చున్నాడు. ఆవిడ గొంతెత్తింది.

*జలగొకటి కాలంటె దొర కెవ్వుమనెను*
*గొడుగుతో సహా పోయి బురదలో పడెను*

“జలగంటే జలగ కాదు, పన్నులు పీల్చే కుంఫిణీ,” అని తిరుపతిరావు గారు పిల్లలకు విడమరిచారు. బాలశౌరి వేళ్లు మాత్రం హార్మోనియం మెట్ల మీద తడబడ్డాయి.

*ఎడమ చెప్పు మడి మింగె, కుడిదె మిగిలొచ్చె*
*కుంటుకుంటు దొర పోయి మా పిల్లను మెచ్చె*

హార్మోనియం ఆగిపోయింది. ఆరేళ్ల కింద పెళ్లిచూపులకు వెళ్తూ పడిన ఆ పాటు ఎవరూ చూడలేదనే అతని నమ్మకం. బట్టల మీద బురదని బస్సు మీద తోసేశాడు కూడా.

“డచ్చివాడు మీ పిల్లనెందుకు మెచ్చాడమ్మా?” అన్నారు ఇశ్రాయేలు గారు.

“డచ్చో గిచ్చో నాకు తెలీదండీ. ఆయన మా అల్లుడు. గట్టు మీదికి ఎవరొస్తే వాళ్ల మీద చరణం కట్టడం మా ఆనవాయితీ. ఆ రోజు పదిమందిమి వంగి నాట్లేస్తున్నాం. ఒక్కళ్లం తలెత్తలేదు, ఎత్తితే నవ్వొస్తుందని. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగూళ్లు ఇదే పాడుతున్నాయి. మళ్లో ఎంతన్నా పాడుకుంటాం గాని, అల్లుడి ఎదురుగా ఎలా పాడతామండీ? అందుకే వద్దన్నా.”

పిల్లలు విరగబడి నవ్వారు. తిరుపతిరావు గారు నవ్వలేదు. “ఆరేళ్ల పాట పాతది కాదు. చెల్లదు.”

“పాతది కావాలని మనం అనలేదండీ. పుట్టుక రుజువు చేయమన్నాం,” అన్నారు ఇశ్రాయేలు గారు, కలం మూత తీస్తూ. “ఎవరు కట్టారో, ఎక్కడ కట్టారో, ఎవరి మీద కట్టారో మనిషితో సహా తేలిన పాట నాకిదొక్కటే కనిపిస్తోంది.”

బడి రికార్డులో ఆ పాట పేరు పక్కన, పుట్టుక అనే గడిలో ఇప్పటికీ ఇలా ఉంది: “బాలశౌరి. పర్మనెంటు.”