మంత్రిగారి కేబిన్ల ఎంపిక

"పిల్లలు ఎక్కడ క్షేమంగా ఉంటారో తెలుసుకోవడానికి నేను నడిసముద్రంలోకైనా వెళతాను" అని పిల్లల భద్రతాశాఖ మంత్రిగారు పత్రికలవాళ్ల ముందు ప్రకటించారు. మొదట పీయేగారు చప్పట్లు కొట్టారు. తరవాత అధికారులు కొట్టారు. ఆ హాల్లో కుర్చీ కాలు బిగించడానికి వెళ్లిన నేను కూడా సుత్తి కింద పెట్టి మరీ కొట్టాను. నేను ఆ భవనంలో వడ్రంగిని. చప్పట్లలో వెనకబడ్డవాళ్ల పేర్లు ఎవరో రాసుకుంటారని మా భవనంలో ఒక నమ్మకం.

ఇది విహారయాత్ర కాదు, అధ్యయనయాత్ర అని మంత్రిగారు రెండుసార్లు చెప్పారు. పెద్ద ఓడ, పదకొండు రోజులు. ఇంటిల్లిపాదీ వెళతారు. మంత్రిగారు, అమ్మగారు, నాలుగేళ్ల కవల పిల్లలు, పదినెలల పాప, మంత్రిగారి అత్తగారు. ప్రజల పిల్లల కోసం సొంత పిల్లల్ని సముద్రం మీదికి తీసుకెళ్లే త్యాగం ఇంకెవరు చేస్తారని మర్నాడు ఒక పత్రిక రాసింది. అది మంత్రిగారి బావమరిది పత్రికే అయినా, రాసింది నిజమే కదా.

నాకు ఆ యాత్ర మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. మా భవనం మొదటి అంతస్తులో ఉద్యోగుల పిల్లల కేంద్రం నడుస్తోంది. పందొమ్మిది మంది పిల్లలు. అందరూ మూడేళ్ల లోపువాళ్లే. అక్కడ ఆయా మా చెల్లెలు. గది దాటగానే మెట్లు. మెట్లకు గేటు లేదు. అందుకని మా చెల్లెలు పై మెట్టు మీద అడ్డంగా కూర్చుని, గోడకు కాళ్లు తన్నిపెట్టి ఉంటుంది. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం అయిదుకు లేస్తుంది. మధ్యలో లేవాలంటే నన్ను కేకేస్తుంది. నేను వెళ్లి కూర్చుంటాను. ఏడు నెలలుగా ఆ మెట్లకు గేటు మేమిద్దరమే.

నాలుగు చెక్కలు, రెండు బందులు, ఒక గడియ. మధ్యాహ్నం లోపల అయిపోయే పని. కానీ ఆర్డరు లేకుండా ప్రభుత్వ గోడకు ఏదీ బిగించకూడదు. ఒకసారి గడియారం కోసం మేకు కొట్టినందుకే నాకు మెమో వచ్చింది. అందుకని అర్జీ పెట్టాను. ఏడు నెలలు ప్రయాణం చేసి ఆ అర్జీ మంత్రిగారి బల్ల మీదికి చేరింది.

"సార్, గేటు ఫైలు..." అన్నాను పీయేగారితో.

"సార్ ముందే ఉందయ్యా. యాత్ర అవనీ, రిపోర్టు రానీ. గేటు పెట్టాలో ఇంకేమన్నా పెట్టాలో రిపోర్టులో తేలుతుంది."

"అప్పటిదాకా ఎలా సార్?"

"అప్పటిదాకా మీ చెల్లెలుంది కదా."

ఆ మాటలో తప్పేమీ లేదు.

యాత్రకు కేబిన్లు ఎంపిక చేయడానికి ఏడుగురితో కమిటీ వేశారు. మొదటి సమావేశానికి టికెట్లు అమ్మే ఏజెంటు ఓడ నక్షా తెచ్చి బల్ల మీద పరిచాడు. బల్ల కింద ఊగుతున్న కాలికి చెక్క ముక్క పెట్టే పని మీద నేనూ అక్కడే ఉన్నాను.

"మన పార్టీ ఎప్పుడూ ముందుంటుంది. ఓడలో కూడా ముందు భాగంలోనే తీసుకోండి" అన్నారు మంత్రిగారు.

"ముందు భాగం బాగా ఊగుతుంది సార్" అన్నాడు ఏజెంటు. "చిన్నపిల్లలకు తల తిరుగుతుంది, వాంతులవుతాయి. నడుమ భాగం మంచిది. అదీ కింది అంతస్తులో అయితే కుదుపే తెలీదు."

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. "నడుమ అంటే ఎటూ తేల్చుకోలేనివాడు అంటారేమో."

"కింది అంతస్తు అంటే ప్రజలకు దగ్గరగా ఉన్నారంటారు సార్" అన్నారు డిప్యూటీ కార్యదర్శి. ఆయనకు ఆ పదవి ఊరికే రాలేదు.

నడుమ భాగం, కింది అంతస్తు ఖాయమైంది. ఇక కిటికీ సంగతి వచ్చింది. కిటికీ లేని లోపలి కేబిన్ అయితే పట్టపగలు కూడా చీకటిగా ఉంటుంది, పాప హాయిగా నిద్రపోతుంది అన్నాడు ఏజెంటు. బాల్కనీ ఉన్న కేబిన్ అయితే సముద్రం కనిపిస్తుంది అన్నాడు.

"బాల్కనీ వద్దండీ" అన్నారు అమ్మగారు. "పెద్దోడు కుర్చీ ఈడ్చుకెళ్లి ఎక్కుతాడు. చిన్నోడు వాణ్ణి కిందికి లాగుతాడు. నేను పదకొండు రోజులూ ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడాలి."

"బాల్కనీ లేకపోతే ఫొటో ఎక్కడ దిగుతాం?" అన్నారు మంత్రిగారు.

ఇది పెద్ద సమస్య కాబట్టి వాయిదా పడింది. రెండో సమావేశంలో మంత్రిగారు నక్షాను అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి పక్కకు తోసేశారు.

"కాగితం మీద గది గదిలా లేదయ్యా. ఉన్న కొలతలకి కట్టి చూపించండి."

నలభై నిమిషాల్లో నా చేతికి ఆర్డరొచ్చింది. మర్నాడు పొద్దున్నే లారీ నిండా కలప దిగింది. సమావేశాల హాల్లో మూడు కేబిన్లు కట్టాను. పై బెర్తులు, వాటికి నిచ్చెనలు, రెండు కేబిన్ల మధ్య తలుపు, అడుగున్నర లోతు స్నానాల తొట్టి, రెయిలింగ్‌తో సహా బాల్కనీ, అన్నీ చెక్కతోనే. పని చేస్తూ, మిగిలిన ముక్కల్ని చూస్తూ, ఇందులో ఎన్ని గేట్లవుతాయో మనసులో లెక్క వేసుకున్నాను. పదమూడు.

శనివారం మంత్రిగారు కుటుంబంతో సహా తనిఖీకి వచ్చారు. కవలలు వచ్చీ రాగానే పై బెర్తు ఎక్కేశారు. ఆరేళ్లు నిండనివాళ్లని పై బెర్తు మీద పడుకోబెట్టరని ఏజెంటు చెబుతుండగానే ఒకడు డిప్యూటీ కార్యదర్శి భుజం మీదికి దూకాడు. ఆయన నవ్వుతూ పట్టుకున్నారు. అద్దాలు పగిలాక కూడా నవ్వుతూనే ఉన్నారు.

అమ్మగారు పాప తొట్టి మంచాన్ని పెద్ద మంచం పక్కన పెట్టి చూశారు. బాత్‌రూమ్ తలుపు తెరుచుకోలేదు. బాత్‌రూమ్ తలుపు దగ్గర నుంచి జరిపితే బయటి తలుపు తెరుచుకోలేదు.

"అయితే ఎవరూ బయటికి పోలేరు. భద్రతే కదా" అన్నారు మంత్రిగారు. కమిటీ రాసుకుంది.

పాపకు లోపలి కేబిన్ అనీ, తోడుగా అత్తగారు పడుకుంటారనీ నిర్ణయించారు.

"చీకటి గదిలోనా?" అన్నారు అత్తగారు.

"పాప నిద్ర కోసం అత్తయ్యగారూ."

"పాప నిద్రపోతుంది బాబూ. మరి నేనేం చెయ్యాలి?"

దీన్ని మూడో సమావేశానికి వాయిదా వేశారు. అత్తగారు మంచం మీద వాలి ఇంకో సందేహం అడిగారు. "ఈ గది మీద డాన్సుల హాలు ఉందన్నారు. చప్పుడు ఎంత వస్తుందో ఎలా తెలుస్తుంది?"

అందరూ పైకి చూశారు. పైన పిల్లల కేంద్రం ఉంది. పది నిమిషాల్లో ఆదేశం వెళ్లింది. పందొమ్మిది మంది పిల్లలూ గెంతవలెను. ప్రభుత్వం పిల్లల్ని గెంతమనడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ ఆదేశం అమలైనంత నిజాయితీగా ఇంకే ఆదేశమూ అమలు కాలేదు. హాలు పైకప్పు నుంచి సున్నం రాలింది. అత్తగారు చెవులు మూసుకుని, "ఇంకో గది చూడండి" అన్నారు.

నేను పరుగెత్తి పైకి వెళ్లాను. మా చెల్లెలు మెట్ల మీద రెండు కాళ్లూ, రెండు చేతులూ బార్లా చాపి ఉంది. ఆమె మీదుగా నలుగురు దాటబోతున్నారు.

"అన్నయ్యా, ఆపమని చెప్పు" అంది. "నాకు ఇంక చేతులు లేవు."

ఇరవై మూడు రోజులు, తొమ్మిది సమావేశాలు అయ్యాక కేబిన్లు ఖాయమయ్యాయి. నడుమ భాగంలో మూడు. బాల్కనీ ఉన్నది ఒకటి, దానికి తలుపుతో కలిసిన కేబిన్ ఒకటి, ఎదురుగా కిటికీ లేనిది ఒకటి. పైన డాన్సుల హాలు లేదు, లిఫ్టు దగ్గర, పాప తోపుడుబండి పట్టే వరండా. నిజం చెప్పాలంటే అంత జాగ్రత్తగా నేను నా పెళ్లి సంబంధం కూడా చూసుకోలేదు.

ఏజెంటు ఫారం తీసి పేర్లూ వయసులూ రాయడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్లయ్యాక కవలల దగ్గర కలం ఆగింది.

"నాలుగేళ్లా సార్?"

"నాలుగు నిండాయి."

"ఈ ఓడలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లని ఎక్కించుకోరు సార్."

పీయేగారు అడిగారు. "ఈ మాట ముందెందుకు చెప్పలేదు?"

"ఏ గది పిల్లలకి మంచిదని అడిగారు, చెప్పాను. ఏ ఓడ అని ఎవరూ అడగలేదు సార్. ఓడ పేరు అప్పటికే పేపర్లో వచ్చేసింది."

విచారిస్తే ఎవరి తప్పూ లేదని తేలింది. బెర్తులు చూసినవారు బెర్తులు చూశారు. తొట్టి చూసినవారు తొట్టి చూశారు. పిల్లలు అన్న విషయం ఎవరికీ అప్పగించలేదు.

మంత్రిగారు చాలాసేపు కళ్లు మూసుకున్నారు. గొప్ప నాయకులకు అలాంటప్పుడే వెలుగు కనిపిస్తుంది.

"ఓడ మార్చాలంటే ప్రకటన మార్చాలి. అంతకంటే పిల్లల్ని మార్చడం తేలిక. కమిటీ బయల్దేరండి."

ఆ విధంగా కవలల బదులు డిప్యూటీ కార్యదర్శీ, పీయేగారూ వెళ్లారు. పాప బదులు ఇంకో సభ్యుడు అత్తగారికి ఎదుటి మంచం మీద సర్దుకున్నాడు. అమ్మగారు మాత్రం, "పిల్లల్ని వదిలి నేను రాను, మీరే అధ్యయనం చేసుకోండి" అని ఉండిపోయారు. పదకొండు రోజులూ కవలలు నేను కట్టిన చెక్క కేబిన్లలో ఆడుకున్నారు. సాయంత్రం ఇంటికి రమ్మంటే, ఓడ ఇంకా ఒడ్డుకు రాలేదన్నారు.

ఒకరోజు అమ్మగారు వాళ్లని పైన పిల్లల కేంద్రానికి తీసుకొచ్చారు.

"మెట్లకి గేటు ఎక్కడ?" అని అడిగారు.

"నేనేనమ్మా" అంది మా చెల్లెలు.

అమ్మగారు సాయంత్రం దాకా ఆ పక్క మెట్టు మీదే కూర్చున్నారు.

యాత్ర విజయవంతమైంది. రిపోర్టు మూడు వందల పేజీలు. పదకొండు రోజుల ప్రయాణంలో ఒక్క పిల్లాడు పడలేదు, ఒక్క పాప తప్పిపోలేదు, ఏ బిడ్డా ఏడవలేదు. భద్రత నూటికి నూరు శాతం. ఇందుకు కారణం బాల్కనీ అని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. కాబట్టి పిల్లల కేంద్రాలన్నిటికీ బాల్కనీ ఉండవలెను. మొదట మా భవనంలోనే.

ఆర్డరుతో పాటు నా అర్జీ కూడా తిరిగొచ్చింది. "బాల్కనీ మంజూరైనందున గేటు అవసరం లేదు. ఫైలు మూసివేయడమైనది."

ఆ సాయంత్రం ఆ కాగితం మా చెల్లెలికి చూపించాను. చదివి మడిచి, "సరేలే అన్నయ్యా, ఇంకా కాళ్లున్నాయిగా" అంది. లేవబోతే లేవలేకపోయింది. చెయ్యి పట్టుకుని లేపాను.

ఇంటికెళ్లి ఆర్డరు మళ్లీ చదివాను. నాకు చదువు తక్కువ కాబట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదువుతాను. మొదటి అంతస్తులో బాల్కనీ ఒకటి బిగించవలెను. నమూనా కేబిన్ల కలప వాడవలెను. అంతే. మొదటి అంతస్తులో ఎక్కడో రాయలేదు. ఎంత పొడవో రాయలేదు. బందులు ఉండకూడదని కూడా రాయలేదు.

రెండు రోజుల్లో పని పూర్తిచేశాను. మూడున్నర అడుగుల బాల్కనీ. మెట్ల పైన, ఈ గోడ నుంచి ఆ గోడకు. రెండు బందులు. మెట్ల వైపున ఒక గడియ, పిల్లల చేతికి తేలిగ్గా లొంగని రకం. పై నుంచి చెయ్యి వంచి, మీట నొక్కిపట్టి పైకెత్తాలి. రెండూ ఒకేసారి చెయ్యాలి.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు కమిటీతో వచ్చారు. రిబ్బను కత్తిరించి లోపలికి వెళ్లారు. ఫొటో కోసం నేను బాల్కనీ మూశాను. మంత్రిగారు రెయిలింగ్ మీద రెండు చేతులూ పెట్టి, కింద మెట్ల మలుపులో ఉన్న ఇసుక బకెట్టు వంక చూశారు.

"అద్భుతమైన వ్యూ" అన్నారు.

"చాలా లోతుగా ఉంది సార్" అన్నారు డిప్యూటీ కార్యదర్శి.

పత్రికలవాళ్లు మెట్ల మీంచి ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. మంత్రిగారు కూడా వెళదామని బాల్కనీని తోశారు. లాగారు. పీయేగారు మీట నొక్కారు. ఇంకో సభ్యుడు పైకెత్తారు. కానీ ఆయన ఎత్తేసరికి ఈయన వదిలేశారు.

"నొక్కడం నా పరిధిలోది. ఎత్తడం మీది" అన్నారు పీయేగారు.

"ముందు నొక్కాలా, ముందు ఎత్తాలా? అది తేలాలి కదా" అన్నారు డిప్యూటీ కార్యదర్శి.

మంత్రిగారు నిలబడి నిలబడి కాళ్లు నొప్పి పుట్టి చిన్న కుర్చీ మీద కూర్చున్నారు. ఒక పాప వచ్చి ఆయన ఒళ్లో సగం కొరికిన బిస్కట్టు పెట్టి వెళ్లింది.

"ఏయ్ మేస్త్రీ, నువ్వు తియ్యవయ్యా" అని పీయేగారు మెట్ల కింద ఉన్న నన్ను పిలిచారు.

"ప్రభుత్వ గోడకు బిగించినదాన్ని ఆర్డరు లేకుండా ముట్టుకోకూడదు సార్. మెమో వస్తుంది."

"ఆర్డరు నేనిస్తాను."

"రాసివ్వండి సార్."

పైన కాగితం కోసం వెతకడం వినిపించింది. పిల్లల కేంద్రంలో రంగు పెన్సిళ్లు ఉంటాయి గానీ, లెటర్‌హెడ్ ఉండదు.

నేను కాంటీనుకి వెళ్లాను. మా చెల్లెలు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎదుటి కుర్చీ మీద కాళ్లు చాపుకుని, టీ ఊదుకుంటూ తాగుతోంది. ఇన్ని నెలల్లో డ్యూటీ వేళ ఆమెను కుర్చీలో చూడటం అదే మొదలు.

"పైన మంత్రిగారు ఇరుక్కుపోయారు. నీకు తియ్యడం వచ్చు కదా" అన్నాను.

"పిల్లలెలా ఉన్నారు?"

"ఆడుకుంటున్నారు. పెద్దవాళ్లు ఎనిమిదిమంది ఉన్నారు చూసుకోవడానికి."

మా చెల్లెలు కాస్త ఆలోచించింది.

"అయితే ఇంకో టీ చెప్పన్నయ్యా" అంది.

చెప్పాను.