గులాబీ రోలర్ల కేసు

"నేరం ఎంత లోతున దాక్కున్నా నా ముక్కు పసిగట్టేస్తుంది బావా!" అని ప్రకటించి, జలుబు చేసిన ఆ ముక్కును గట్టిగా ఎగబీల్చాడు డేగకన్ను. ఆ బిరుదు తనకు తనే ఇచ్చుకున్నాడు. ఉద్యోగం మాత్రం గోడౌను గేటు దగ్గర కాపలా.

బావ అదే గోడౌనులో మెకానిక్కు. వాళ్లక్కను పెళ్లాడిన పుణ్యానికి ఇతగాడి పరిశోధనలన్నీ భరిస్తున్నాడు.

ఆ రోజు మాత్రం భరించే ఓపిక లేదు. సరుకు పెట్టెల్ని ఎత్తి చేత్తో లాగే జాకీకి అడుగున రోలర్లు అరిగి ఊడిపోయాయి. బయట లోడు లారీ నిలబడి ఉంది. "సాయంత్రంలోగా జాకీ కదలకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అని ఓనరు తెగేసి చెప్పాడు. తీరా కొత్త రోలర్ల డబ్బా వచ్చిందని సంబరంగా విప్పితే, లోపల గులాబీ రంగు ప్లాస్టిక్ గొట్టాలు, ఒంటినిండా ముళ్లు!

"పైన రోలర్లు అనే రాసుంది కదరా! వీటి మీద టన్ను సరుకు ఎలా లాగను?" బావ తల పట్టుకున్నాడు.

డేగకన్ను ఒక గొట్టాన్ని తన జుట్టుకు చుట్టి చూసుకున్నాడు. కళ్లు మెరిశాయి.

"ఇవి జుట్టు ఉంగరాలు తిప్పేవి బావా! అంటే ఎవడో మన రోలర్లు కాజేసి, వాడి రోలర్లు ఇక్కడ పారేశాడు. చెప్పు, ఇక్కడ ఉంగరాల జుట్టు ఎవరికుంది?"

"లారీ డ్రైవరుకి. అయితే?"

"అయితే ఏంటి? కేసు క్లోజ్!"

"ఒరేయ్, ఆగరా!" అని బావ అరిచేలోపే లారీ దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"దొంగా! నీ జుట్టే నిన్ను పట్టించింది. మర్యాదగా రోలర్లు ఇచ్చెయ్!"

"ఏంట్రా వాగుతున్నావ్? ఇది పుట్టుకతో వచ్చిన జుట్టు!" అంటూ డ్రైవరు టైర్లు విప్పే రాడ్డు అందుకున్నాడు.

డేగకన్ను కాళ్లకు బుద్ధి చెప్పాడు. పక్కనున్న బ్యూటీ పార్లర్లోకి దూరబోయి, గుమ్మంలోని డబ్బా తట్టుకుని బోర్లా పడ్డాడు. డబ్బా చిరిగింది. లోపలున్న బరువైన పసుపుపచ్చ రోలర్లు వీధిలోకి దొర్లుకుంటూ వచ్చి, వెనకాలే పరిగెత్తుకొస్తున్న బావ కాళ్ల దగ్గర ఆగాయి.

"మీవేనా అవి? తీసుకుపోండి బాబూ!" పార్లర్ ఆవిడ విరుచుకుపడింది. "జుట్టుకి రోలర్లు పంపమంటే రోడ్డు రోలర్లు దించిపోయాడు కొరియరు వాడు! ఒక్కటి చుడితే మెడ విరిగిపోదూ?"

బావ ఆ రోలర్లను చంటిపిల్లల్లా ఎత్తుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది అతనికి. సాయంత్రానికి జాకీ కదిలింది, లారీ ఖాళీ అయింది.

"రోలర్లు పట్టుకున్నదెవరయ్యా?" అడిగాడు ఓనరు.

"మా బామ్మర్దే సార్" అన్నాడు బావ. అబద్ధం కాదు కదా!

డేగకన్ను ఛాతీ విరుచుకున్నాడు. "డ్రైవరుకి భయపడి పారిపోయాననుకుంటున్నారేమో, అది నా వ్యూహం సార్. రోలరన్నది ఎక్కడున్నా నా కంటపడక తప్పదు!"

పొద్దున చుట్టుకున్న గులాబీ రోలరు అతని నడినెత్తిన ఇంకా అలాగే ఉంది. ఓనరు నోరు తెరవబోయాడు. బావ వద్దన్నట్టు సైగ చేశాడు. ఉద్యోగం నిలబెట్టిన మనిషి పరువు ఇంటిదాకానైనా నిలబడనీ, తర్వాత వాళ్లక్క ఎలాగూ కనిపెడుతుంది.