నాలుగు వందల పన్నెండో పేజీ

“ఇది మధ్యలో ఆగిపోతే ఎలాగండీ?” అని సోమవారం పొద్దున మా ఆయన్ని అడిగాను. అప్పటికింకా దాన్ని పెట్టెలోంచి బయటికి తీయనేలేదు.

ఆయన జవాబు చెప్పలేదు. అందులో వింతేమీ లేదు. మా పెళ్ళయిన కొత్తలో వంట ఎలా ఉందని అడిగితే, అమ్మాయి పుట్టాక బాగుందన్నారు.

పెట్టెలో ఉన్నది పుస్తకాలు చదువుకునే పలక. మా అమ్మాయి పనిచేసే చోట తయారవుతోంది. అందరికీ చవగ్గా అందాలని లోపల బాగా బక్క యంత్రం పెట్టారట. ఆ బక్కప్రాణి చేత లావు పుస్తకాలు చదివించడం మా అమ్మాయి ఉద్యోగం. పుస్తకమంతా ఒక్కసారే మింగమంటే దానికి గొంతు పట్టేస్తుందట. అందుకని మనం చదువుతున్న పేజీ, దాని తర్వాతి పేజీ, అంతవరకే సిద్ధం చేసుకుంటుందని చెప్పింది.

నాకు అర్థం కాలేదు కానీ మా ఆయనకి వెంటనే అర్థమైంది. ఆయన అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చి పేర్చి రిటైరైన మనిషి. వాళ్ళ దగ్గర నాలుగు పేజీలకి సరిపడా అక్షరాలే ఉండేవి. అవి అచ్చేసి, విడదీసి, మళ్ళీ వాటితోనే తర్వాతి నాలుగు పేజీలు పేర్చేవారు. తండ్రి చెప్పిన ఆ కబుర్ల మీదే కూతురు ఈ పద్ధతి కట్టిందట. వంటింట్లో నాలుగు గిన్నెలతో ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నదీ అదే. నా మీద మాత్రం ఎవరూ ఏ పద్ధతీ కట్టలేదు.

శుక్రవారం వాళ్ళ పై అధికారి పరీక్ష. ఆయన దేన్నయినా చేతిగడియారం చూసి కొలుస్తాడని ఆఫీసంతా గడియారంగారు అంటారు. ఏ పేజీ అయినా ఒక్క సెకనులో తెరుచుకోవాలి. లేకపోతే అమ్మాయి ఆరు నెలల కష్టం మూలన పడుతుంది. అందుకని పలకా, ఒక నోటు పుస్తకమూ నా చేతికిచ్చి, పగలంతా చదువుతూ ఎక్కడెక్కడ ఆగిందో రాసిపెట్టమంది.

అందులో వేసి ఇచ్చింది ఇంటివైద్యం పుస్తకం, పదకొండు వందల పేజీలు. మంగళవారం మధ్యాహ్నానికి నాకు తొమ్మిది జబ్బులు తేలాయి, మా ఆయనకి ఆరు. ఆయనవి తక్కువయ్యాయేమిటని మళ్ళీ వెతికితే ఇంకో రెండు దొరికాయి.

బుధవారం నాలుగు వందల పదకొండో పేజీ చివర “విషం మింగినవారికి వెంటనే” అని ఉంది. ఆ వెంటనే నలభై నిమిషాలు రాలేదు.

నొక్కాను. ఊపాను. విసనకర్రతో విసిరాను. ఎవరైనా విషం మింగి ఈ పలక పట్టుకుని కూర్చుంటే ఏమైపోతారా అని కాసేపు వాళ్ళ కోసం బాధపడ్డాను. చివరికి నాలుగు వందల పన్నెండు వచ్చింది. పదకొండు పేజీల పొడుగున విషాల పట్టిక.

రాద్దామని కలం తీశాను. రాస్తే పిల్ల బెంగపడుతుంది. బెంగపడితే తిండి మానేస్తుంది. మానేస్తే నీరసం వస్తుంది. నీరసం గురించి మూడు వందల ఆరో పేజీలో ఏముందో నేను చదివాను. అందుకని “ఎక్కడా ఆగలేదు” అని గుండ్రంగా రాశాను.

మా ఆయన నా భుజం మీదుగా చూశారు. ఈసారి మాట వెంటనే వచ్చింది.

“తప్పు దాచితే పోదు, అచ్చవుతుంది.”

“మీ అచ్చాఫీసు నీతులు నాకొద్దు. నాకు పిల్ల మీద ప్రేముంది.”

“నాకు ఆకలుంది” అన్నారు.

శుక్రవారం అమ్మాయి పలక తీసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు పట్టుకుంది భయం. నేను భయపడినవి ఇంతవరకూ వందలో ఒక్కటీ జరగలేదు. ఆ ఒక్కటీ ఇవాళ్టి కోసమే అట్టిపెట్టారనిపించింది. ఆగలేక ఆఫీసుకి ఫోను చేశాను. అవతల ఎత్తగానే గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

“తల్లీ, ఏ పేజీ అయినా చూపించు, విషాల పట్టిక మాత్రం తెరవనివ్వకు. అది నలభై నిమిషాలకి గానీ రాదు.”



“ఎన్నో పేజీ అమ్మా?” అంది అవతలి మగగొంతు.

పెద్దమనుషులు అడిగితే సరిగ్గా జవాబు చెప్పాలని చిన్నప్పుడు నేర్పారు. “నాలుగు వందల పన్నెండండీ” అన్నాను.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఫోను పెట్టేశాను. అమ్మాయి ఉద్యోగం పోవడం, మేం ఇల్లు ఖాళీ చేయడం, బండి మీద నా నిలువుటద్దం పగలడం వరకూ వరసగా చూసేశాను.

సాయంత్రం అమ్మాయి నవ్వుతూ వచ్చింది. గడియారంగారు నేరుగా ఆ పేజీయే తెరిచారట. ఆయన గడియారం వైపు తల తిప్పేలోపు పట్టిక వచ్చేసిందట. నమ్మకం కుదరక మూడుసార్లు తెరిచి చూసి, పని ఖాయం చేశారట.

నేను తెల్లబోయాను. ఏ పేజీకి ఎంతసేపు పట్టిందో పలక తనే రాసుకుంటుందట. రోజూ సాయంత్రం అమ్మాయి దానికి తీగ తగిలిస్తుంటే ఛార్జింగ్ పెడుతోందనుకున్నాను. బుధవారమే చూసిందట, నలభై నిమిషాలూ, నేను నొక్కిన నూట ఎనభై నొక్కుళ్ళూ. పట్టికంతా చివరిదాకా చదివితే గానీ గళ్ళ వెడల్పు తేల్చుకోలేక అది బిగుసుకుపోయేదట. ఇప్పుడు మొదటి పది వరుసలు చూసి వెడల్పు తేల్చేసుకుంటుంది. మిగతావి వచ్చినప్పుడు చూసుకుంటుంది.

“మరి నా చేత నోటు పుస్తకం ఎందుకు రాయించావే?”

“చేతిలో పని లేకపోతే గంటకోసారి ఆఫీసుకి ఫోను చేస్తావు కదమ్మా. నాలుగు రోజులు ప్రశాంతంగా పనిచేసుకున్నాను. ఉపాయం నాన్నది.”

ఆయన వైపు తిరిగాను. అమ్మాయి తిరిగి తెచ్చిన పలక పట్టుకుని కుర్చీలో ఉన్నారు. నన్నిలా చిన్నపిల్లని చేసి ఆడించడానికి మీకు మనసెలా ఒప్పిందండీ అని అడిగాను. ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. అమ్మాయి కాళ్ళు కడుక్కొచ్చింది, నేను కంచాలు పెట్టాను, నీళ్ళు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

“సోమవారం అడిగావు చూడు, మధ్యలో ఆగిపోతే ఎలాగని,” అన్నారు. “నాతో ముప్పై ఏళ్ళు వేగినదానివి, నువ్వా అడిగేది?”