తాళం లేని అర

ఆ ఉదయం ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేసే ప్రోగ్రామరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓ గంట ఆఫీసులో తల చూపించి, మెట్లు దిగి, కింది వార్డులో ఉన్న మామగారి పక్కన కూర్చోవడం. మధ్యాహ్నం ఆయనకు గుండె ఆపరేషన్. ఎక్కువ ఆలస్యం చేస్తే తన పూచీ లేదని సర్జన్ ముందే చెప్పారు. అల్లుడికి లోపల గుబులుగానే ఉంది.

అంతలో వార్డులోంచి భార్య ఫోన్ చేసింది. ఆపరేషన్ అయ్యేదాకా నాన్న ఏమీ తినకూడదట, పళ్లెం కంటబడితే ఆయన నోరు ఊరుకోదు, వంటగది నుంచి ఏమీ రాకుండా చూడమంది. వంటగది ప్రోగ్రాం చూసేది పక్క సీటులోని సహోద్యోగిని. అతను ఆవిడకు విషయం చెప్పాడు.

"చిటికెలో పని," అందావిడ.

నిజంగానే చిటికెలో అయిపోయింది. 'రోగి' అనే జావా క్లాసును, అంటే ప్రతి రోగి వివరాలనూ అరలు అరలుగా ఉంచే అచ్చును, ఎప్పుడో రాసింది ఈ ప్రోగ్రామరే. వివరాలన్నీ తాళం వేసినట్టు ప్రైవేట్‌గా దాచాలి, మెథడ్లు అనే అనుమతించిన దారుల ద్వారా తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదు అని కొత్తవాళ్లకు గొంతు చించుకుని పాఠాలు చెప్పేవాడు. తను మాత్రం 'బతికున్నారా' అనే ఒక్క అరను, తరవాత చూద్దాంలే అని, ఎవరైనా మార్చేలా పబ్లిక్‌గా వదిలేశాడు. బతికి లేనివాళ్లకు వంటగది భోజనం పంపదు. సహోద్యోగిని నేరుగా ఆ అరలో చెయ్యి పెట్టి 'లేరు' అని రాసేసింది.

ఆ అర వంక చూసే ప్రోగ్రాములు ఇంకా చాలా ఉన్నాయి. మందుల విభాగం మందులు ఆపేసింది. ఆపరేషన్ల జాబితాలోంచి మామగారి పేరు ఎగిరిపోయింది. బంధువులందరి ఫోన్లకూ సానుభూతి సందేశం వెళ్లింది. శవాగారం మనిషి స్ట్రెచర్ తోసుకుంటూ వార్డుకొచ్చి, ఫలానా ఆయన ఎక్కడున్నారని మామగారినే అడిగాడు.

"నేనే నాయనా," అన్నారాయన. "కాస్త ఆగు, మా అల్లుణ్ణి అడిగి చెప్తాను."

కబురు తెలిసి ప్రోగ్రామరుకు భయమేసింది. కోపం కూడా వచ్చింది. ఆ కోపంలో ముందు చేసిన పని, ఇంకెవరూ చెయ్యి పెట్టకుండా ఆ అరను ప్రైవేట్ చేసి కొత్త ప్రోగ్రాం ఎక్కించడం. డాక్టరు ధ్రువీకరిస్తే మరణాన్ని నమోదు చేసే మెథడ్ ఒకటి పెట్టాడు. వెనక్కి మార్చే మెథడ్ పెట్టాలని తోచలేదు. మామగారి అరలో 'లేరు' అలాగే ఉండిపోయింది. కొత్త ప్రోగ్రాం రోజుకు ఒక్కసారే ఎక్కించాలన్నది ఆ విభాగం నియమం; ఆ రోజు వంతు అయిపోయింది.

"మరి ఇప్పుడెవరు మారుస్తారు?" అంది సహోద్యోగిని.

"ఎవరూ మార్చలేరు," అన్నాడతను. "చాలా బాగా రాశాను."

చివరికి విభాగాధిపతి ఒక దారి చెప్పారు: మామగారిని కొత్త రోగిగా చేర్చుకోవడం. కొత్తగా చేరేవాళ్లందరినీ ఆ క్లాసు బతికున్నవాళ్లుగానే పుట్టిస్తుంది. పరామర్శ ఫోన్లకు జవాబు చెప్పి చెప్పి గొంతు పోయిన భార్య చేర్పు కాగితాల మీద సంతకం పెట్టింది. పేరు మళ్లీ జాబితాకెక్కింది. అల్లుడు ఒక్క పరుగున వార్డుకు చేరేసరికి మామగారు మూతి తుడుచుకుంటున్నారు. కొత్త రోగిని పస్తుంచాలన్న సంగతి వంటగదికి ఎవరూ చెప్పలేదు.

"పోయానన్నారు, వచ్చానన్నారు," అన్నారాయన. "ఈ లోపల ఆకలేసింది."

సర్జన్ ఖాళీ పళ్లెం చూసి ఆపరేషన్ మర్నాటికి వాయిదా వేశారు. ఆ తరవాత ఇక వాయిదా ఉండదని కూడా చెప్పారు. భార్య ఆ పళ్లెం తీసి అతని చేతిలో పెట్టింది. సిగ్గుతో, భయంతో అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు తెల్లవారేసరికి మామగారి మంచానికి ఒక అట్ట వేలాడుతోంది. 'బతికే ఉన్నారు. తినడానికేమీ పెట్టకండి' అని భార్య చేతిరాత. దాన్ని అందరూ చదవచ్చు. చెయ్యి వేయడానికి మాత్రం అల్లుడికి కూడా వీల్లేదు.