అల్లుడుగారి మేలు

వారపు సెలవు కావడంతో ప్రూఫ్‌రీడరు ఆ ఉదయం ఒక పని పెట్టుకున్నాడు. మధ్యాహ్నంలోగా ఎవరికైనా ఒక మేలు చెయ్యాలి. సాయంత్రానికల్లా దాని ఫలితం వస్తుందో రాదో చూడాలి. వస్తే కర్మ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

"కర్మంటే చేసే పని అల్లుడుగారూ, లాటరీ టిక్కెట్టు కాదు," అంది అత్తగారు బఠాణీలు వలుస్తూ.

"కళ్ళతో చూస్తే ఒప్పుకుంటానండీ అత్తయ్యగారూ!" అంటూ అతను డాబా ఎక్కాడు.

ఆకాశం మబ్బేసి ఉంది. తీగ మీద పై అంతస్తు నర్సమ్మ తెల్ల యూనిఫారం ఒంటరిగా ఊగుతోంది. మేలు చేతికందే ఎత్తులోనే వేలాడుతోందన్నమాట! గబుక్కున లాగి, వెళ్ళి ఆమె తలుపు తట్టాడు. లోపల స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు. తడిబట్ట ఎంతసేపని పట్టుకుంటాడు? నాలుగు తిప్పులు తిప్పి పొడిగానే ఇద్దామని, ఇంటికి తెచ్చి వాషింగ్ మెషీన్లో పడేసి మీట నొక్కాడు. అందులో కొత్త ఎర్ర కర్టెన్లు నానుతున్న సంగతి చూసుకోలేదు.

ఈలోగా మబ్బు విడిపోయి ఎండ కాసింది. పైనుంచి నర్సమ్మ కేక వినిపించింది.

"నా యూనిఫారం ఎవరో ఎత్తుకుపోయారు! పదకొండింటికి హెడ్ నర్సు ఇంటర్వ్యూ, నాకున్నదదొక్కటే!"

వాచ్‌మన్ ఈల ఊదాడు. "తెల్లగుడ్డ చంకలో పెట్టుకుని ఎవడో మెట్లు దిగడం కింద నుంచి చూశానమ్మా! వాడు దాటిపోకుండా గేటుకి తాళం వేసేశా!"

ప్రూఫ్‌రీడరు మెషీను మూత తీశాడు. యూనిఫారం గులాబీ రంగులో మెరిసిపోతోంది.

అత్తగారు తనే పైకెళ్ళింది. "తీసింది మా అల్లుడేనమ్మా. వానొస్తుందని తీశాడు, పాడుచేశాడు. అరగంట ఓపిక పట్టు," అని చెప్పి వచ్చి, నీళ్ళు మరగబెట్టి, సబ్బు నురగలో మూడుసార్లు జాడించింది. అరవై దాటిన ఆ చేతుల వేగానికి సబ్బునీళ్ళు చింది పక్కనే నిలబడ్డ అతని చెప్పుల మీద పడ్డాయి. రంగు మాత్రం సగమే వదిలింది. మిగిలిన తడిని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది.

నేనే ఇచ్చొస్తానని అల్లుడు ఉరికాడు. నాలుగు మెట్లెక్కాడో లేదో, సబ్బునీళ్ళు అంటిన చెప్పు జారింది. దొర్లుకుంటూ కిందికొచ్చాడు. యూనిఫారాన్ని మాత్రం రెండు చేతులతో పైకెత్తే పట్టుకున్నాడు.

"దొరికాడమ్మా దొంగ!" అని అరిచాడు వాచ్‌మన్.

నర్సమ్మ దిగి వచ్చింది. అప్పటికి పదిన్నర. ఆమె యూనిఫారం అందుకోలేదు. అతని కాలు అందుకుంది.

"కదలకండి అన్నయ్యగారూ. విరగలేదు, బెణికింది."

"మీకు టైమైపోతోందమ్మా! మీ కొంప ముంచినవాణ్ణి నేను!"

"కొంప సంగతి తరవాత. ముందు వాపు ఎక్కకుండా చూడాలి."

మెట్ల దగ్గరే మోకాళ్ళూని, కట్టు పూర్తిచేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ గులాబీ యూనిఫారమే తొడుక్కుని పరిగెత్తింది. గేటు తాళంచెవి కోసం వాచ్‌మన్ జేబులన్నీ తడుముకోవడంతో మరో ఐదు నిమిషాలు పోయాయి.

రెండింటికి ఆమె తిరిగొచ్చి గుమ్మంలోనే చెప్పింది. "ఆలస్యం, పైగా ఈ రంగు! ఏమైందంటే ఉన్నదున్నట్టు చెప్పాను. అందరూ నవ్వారు. పెద్ద డాక్టరుగారు మాత్రం, 'నీ బట్టలు పాడుచేసిన మనిషికి కట్టు కట్టి మరీ వచ్చావా?' అన్నారు. కట్టానన్నాను. ఉద్యోగం నాకే ఇచ్చారు పిన్నిగారూ!"

ప్రూఫ్‌రీడరు మంచం మీంచి లేవబోయాడు. "చూశారా అత్తయ్యగారూ! నా మేలు ఫలించింది!"

"మీరు చేసింది బట్ట పాడుచెయ్యడం. దాని ఫలితం మీ కాలికి ఉంది," అంది అత్తగారు. "కట్టు కట్టింది ఆ పిల్ల. దాని ఫలితం ఆ పిల్లకి దక్కింది. ఎవరు చేసింది వాళ్ళదే."

తనకు నష్టం చేసినవాడి కాలి దగ్గర, గడియారం వంకైనా చూడకుండా కూర్చున్న మనిషిని అతను కళ్ళారా చూశాడు. చూస్తే ఒప్పుకుంటానన్నది తనేగా!

ఆ రోజుతో అతనికి కర్మ మీద నమ్మకం కుదిరింది. కాలు కుదరడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.