డైరెక్టరుగారి చేప

"చేపకు పెంచేవాడి గుణమే వస్తుంది!" అని మా చేపల పరిశోధన కేంద్రం డైరెక్టరుగారు ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. కొట్టక చస్తామా!

ఒకే తల్లి పిల్లలు, ఒకే నీళ్లు, ఒకే మేత. అయినా ఒక చేప ఏపుగా పెరుగుతుంది, ఇంకొకటి ఎదగదు. ఎందుకని? అది తేల్చడానికి అద్దాల తొట్టికి ఒక్క చేప చొప్పున వదిలి, మనిషికొకటి అప్పగించారు. తొట్టి ముందు పెంచేవాడి పేరుతో పలక.

సహాయ అధికారినైన నా చేప నాలాంటిదే. నాలుగు పలుకులు తిని మూల చేరేది. గుమ్మడికాయలా తయారైంది. డైరెక్టరుగారి చేప మాత్రం దోసిళ్లకొద్దీ మింగీ చీపురుపుల్లలాగే ఉండిపోయింది.

"సార్, మీ చేప అద్దంలో తన నీడనే శత్రువనుకుని రోజంతా తరుముతోంది. తిన్నదంతా ఆ పరుగుకే సరిపోతోంది. పక్క తొట్టిలోది కదలదు, అందుకే తిన్నది ఒంటపడుతోంది" అంది మా పరిశోధకురాలు.

"అది పరుగు కాదమ్మా, నాయకత్వం!" అన్నారాయన.

అంతలో పై అధికారి తనిఖీ ఖాయమైంది. తొట్లన్నిటికీ పట్టు తెరలు కప్పేశారు. డైరెక్టరుగారి చేపకంటే బలిసిన చేపను పెంచినవాడికి ప్రమోషన్ వస్తుందా?

"ఆ చేప మీ కొంప ముంచేలా ఉందండీ! పలకలు మార్చేసి రండి" అంది మా ఆవిడ.

తనిఖీ రోజు అందరికంటే ముందే వెళ్లి, తెర ఎత్తకుండానే ఇద్దరి పలకలూ అటూ ఇటూ మార్చేశాను. అమ్మయ్య!

పై అధికారి వచ్చారు. డైరెక్టరుగారు తన పేరున్న పలక దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని తెర లాగారు. లోపల చీపురుపుల్ల! అద్దాన్ని ఢీకొడుతోంది!

"ఇదేనా మీరు పెంచింది?" అన్నారు పై అధికారి.

డైరెక్టరుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. "కాదండీ! ఇది మోసం! కుట్ర! నిన్న సాయంత్రం చేపల్ని స్వయంగా నేనే మార్చాను!"

పరిశోధకురాలు కొంగు నోట్లో కుక్కుకుంది.

మొదటిసారి మార్చిందెవరో తేలిపోయింది. రెండోసారి మార్చిన ద్రోహిని పట్టుకోవడానికి అక్కడికక్కడే ఏకసభ్య సంఘం వేశారు. ఆ సభ్యుణ్ణి నేనే! "నిప్పులాంటి మనిషండీ" అని నన్ను సిఫారసు చేసింది డైరెక్టరుగారే.

విచారణ నిష్పక్షపాతంగా సాగుతోంది.