అనుమతి ప్రకారం గెలిచినవారు

వరంగల్లు వార్షిక క్రీడోత్సవం అత్యంత జయప్రదంగా ముగిసిందనీ, అన్ని పోటీల్లోనూ తగినవారే గెలిచారనీ 1945లో ఒక శనివారం నాడు 'ఓరుగల్లు కబురు' వారపత్రిక ప్రకటించింది. ఉత్సవం మర్నాడు, ఆదివారం జరిగింది.

ఇందులో వింతపడవలసింది ఏమీ లేదు. నైజాం ఇలాకాలో ఆ రోజుల్లో పదిమంది ఒకచోట చేరాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మన కథలోని వరంగల్లులో ఆ పని చూడడానికి అనుమతుల దఫ్తరు అని ఒకటి ఉండేది. పురాణ కాలక్షేపమైనా సరే, ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు, జనం ఎక్కడెక్కడ చప్పట్లు కొడతారు, అన్నీ దరఖాస్తులో రాసివ్వాలి. ఆటల పోటీలు కూడా జమావే, అంటే జనం గుమిగూడడమే కాబట్టి దఫ్తరువారు ఒక చిన్న ప్రశ్న అదనంగా అడిగారు. ఎవరు గెలుస్తారు? అది పోటీ అయినాక తెలుస్తుందని క్రీడా సంఘంవారు మనవి చేసుకున్నారు. చివరికి ఏం జరుగుతుందో నడిపేవాళ్లకే తెలియని జమావుకు సర్కారు ఎట్లా అనుమతి ఇస్తుందని దఫ్తరువారు తిరిగి అడిగారు. చాలా సబబైన ప్రశ్న. సంఘం దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే మన దగ్గరా లేదు.

అందుచేత గెలిచేవాళ్ల పేర్లు ముందే రాసివ్వడం ఆనవాయితీ అయింది. రాసే పని బుచ్చిరాములుది.

బుచ్చిరాములు 'ఓరుగల్లు కబురు'కు క్రీడా విలేకరి. పుట్టింది మగ్గం ఉన్న ఇంట్లోనే అయినా చేతికి నాడె కంటే కలమే బాగా నప్పింది. తెలుగూ ఉర్దూ రెండూ ముత్యాల్లా రాస్తాడు. దఫ్తరుకు దరఖాస్తు రాసేదీ, పత్రికకు వార్త రాసేదీ తానే కాబట్టి, ఒకే పని రెండు పూటలు చేయడం దేనికని రెండూ కలిపి ఒకే పూట రాసేసేవాడు. పత్రిక శనివారం అచ్చయ్యేది, ఆదివారం మైదానంలో అమ్ముడయ్యేది. పోటీకి వచ్చినవాళ్లు ఒక ప్రతి కొనుక్కొని, తాము ఎన్నో స్థానంలో వచ్చారో చూసుకొని, ఆ తర్వాత నిమ్మళంగా పరుగెత్తేవాళ్లు. ఒకసారి నెక్కొండ నుంచి రైల్లో వచ్చిన కబడ్డీ జట్టు తాము ఓడిపోయిన సంగతి స్టేషన్లోనే చదువుకొని, రాక రాక వచ్చాం కదా అని బజారంతా తిరిగి చూసి, మళ్లీ బండెక్కి వెళ్లిపోయింది. ఎండలో నిలబడి కళ్లారా చూసి రాసే విలేకరుల వార్తల్లో తప్పులు దొర్లేవి. బుచ్చిరాములు వార్తకు అంతవరకు ఒక్క సవరణ కూడా పడలేదు. ఈ మాట అతను ఎంతో వినయంగా చెప్పుకునేవాడు. కాకపోతే కలిసిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు.

ఆ యేడు కొత్తగా దూరపు పరుగు పెట్టారు. హసన్‌పర్తి చెరువు కట్ట దగ్గర మొదలుపెట్టి హనుమకొండ మైదానంలో కట్టిన రిబ్బను దాకా ఉరకాలి. దఫ్తరువారికి ఇది అంతగా నచ్చలేదు. అంత దూరం పోలీసుల కళ్లకు కనపడకుండా ఉరికే మనిషి పరువు, పలుకుబడి ఉన్నవాడై ఉండాలని షరతు పెట్టారు. ఆ లక్షణాలున్న క్రీడాకారుడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. సంఘం అధ్యక్షుడు, వకీలు కిషన్ రావు. వయసూ పొట్టా రెండూ బాగా ముందుకు వచ్చిన పెద్దమనిషి. తనకు వద్దని ఆయన ఒకసారి అన్నాడు. ఊరి కోసం ఒప్పుకోక తప్పదని వెంటనే ఆయనే అన్నాడు. బుచ్చిరాములు పేరు రాశాడు, దఫ్తరు మొహరు పడింది, పత్రిక అచ్చయింది.

అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటుండగా ఆదివారం పొద్దున ఒక చిక్కు వచ్చిపడింది. దూరపు పరుగు విజేతకు ఇవ్వవలసిన ఇత్తడి కప్పు హైదరాబాదు నుంచి రాలేదు. ఇత్తడి అంతా యుద్ధానికి పోయిందన్నారు. కప్పుకు బదులు కంట్రోలు నుంచి తెప్పించిన పెద్ద నూలు కట్ట ఇస్తామని సంఘంవారు మైకులో చాటారు.

యుద్ధకాలపు రేషను కంట్రోలు వచ్చినప్పటి నుంచి నూలు దొరకక వరంగల్లులో సగం మగ్గాలు మూగబోయి ఉన్నాయి. బుచ్చిరాములు ఇంటి మగ్గం కూడా అందులో ఒకటి. పత్రిక కొలువు గౌరవం తెచ్చేదే కాని బియ్యం తెచ్చేది కాదు. భార్య విమలమ్మ, ఆమె తమ్ముడు కొమురెల్లి నేస్తేనే ఇల్లు గడిచేది. ఆ నూలు కట్ట ఇంటికి వస్తే రెండు నెలలు పొయ్యికి ఢోకా ఉండదు.

కొమురెల్లి మైకు విని మైదానానికి ఉరికివచ్చాడు. బట్టల మూట నెత్తిన పెట్టుకొని వర్ధన్నపేట అంగడికి నడిచిపోయి నడిచివచ్చే మనిషి. కాళ్లు గట్టివి. చదువు రాదు కాబట్టి పత్రిక కొనలేదు.

"బావా, నూలిస్తాండ్రట గద. నేను గూడ ఉరుకుతాన."

బుచ్చిరాములు పత్రికను మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఉరుకు. గని మరీ ముందటికి పోకు."

"ముందటికి పోకుంట ఉరుకుడేంది బావా?"

దీనికి విలేకరి ఏదో ఒక జవాబు ఆలోచించేలోపే కొమురెల్లి హసన్‌పర్తి పోయే బండి ఎక్కేశాడు.

ఆ రోజు బుచ్చిరాములుకు ఊపిరాడలేదు. ఏ పోటీ ఎక్కడ దారి తప్పి పత్రికకు భిన్నంగా పోతుందోనని ప్రతి చోటికీ తనే పరుగెత్తాడు. మైదానంలో అందరికంటే ఎక్కువ ఉరికింది అతనే. నెమ్మది సైకిలు పందెంలో గెలిచినట్టు పేరు పడ్డ గుమాస్తాకు సైకిలు తొక్కడం రాదు. సైకిలుకు స్టాండు వేసి ఆయన్ను ఎక్కించి కూర్చోబెట్టారు. అంతకంటే నెమ్మదిగా ఎవరూ తొక్కలేకపోయారు. తాడు లాగే పోటీలో రెవెన్యూ వారూ పోలీసు వారూ ఇద్దరూ గెలిచినట్టు దరఖాస్తులో ఉంది. ఎవరినీ నొప్పించకుండా తాడును నడుమ ఒక రాతి స్తంభానికి కట్టారు. రెండు శాఖలూ కలిసి స్తంభాన్ని చాలాసేపు లాగాయి. అది ఓడిపోయినట్టు ప్రకటించారు.

ఆడవాళ్ల కుర్చీలాటకు కుర్చీలు మిగల్లేదు. అధికారులు బావమరుదులతో సహా విచ్చేశారు. ఆడవాళ్లు ఖాళీ నేల చుట్టూ తిరిగి, పాట ఆగినప్పుడు ఎక్కడివాళ్లక్కడ చతికిలబడ్డారు. కుర్చీ లేని చోట కూర్చున్నందుకు అందరూ ఓడిపోగా, కొత్త చీరకు మన్ను అంటుతుందని కూర్చోకుండా నిలబడ్డ కళావతమ్మ గెలిచింది. పత్రికలో ఉన్నది కూడా ఆమె పేరే. బుచ్చిరాములు నుదురు తుడుచుకున్నాడు.

తర్వాత ముఖ్య అతిథి ప్రసంగించారు. "ముందుకు పోవడమే క్రీడ అనుకునేవాళ్లు ఉన్నారు. అది అపోహ. ఎవరి వెనుక ఎవరు ఉండాలో తెలుసుకొని ఉరకడమే నిజమైన క్రీడ. ఈ సంగతి మన వరంగల్లు లోకానికి నేర్పుతున్నది." దరఖాస్తులో రాసిన చోటే చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగేసరికి దారి మలుపులో దుమ్ము లేచింది. కొమురెల్లి. ఒక్కడే వస్తున్నాడు. వెనుక కనుచూపు మేర ఎవరూ లేరు. బందోబస్తుకు వచ్చిన పోలీసు అమీన్ గబగబా పోయి రిబ్బనుకు ముందు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఆగు భాయ్. పేరేంది?"

"కొమురెల్లి, సాబ్."

అమీన్ జేబులోంచి అనుమతి కాగితం తీసి పైనుంచి కిందిదాకా చదివాడు. మంచివాడు, కోపం లేదు. "నీ ఉరుకుడు బాగుంది. నాకు పసందయింది. గని గిండ్ల నీ పేరు లేదు. నువ్వు గీ రిబ్బన్ దాటితే అనుమతి లేని జమావైతది. గిక్కడున్నోళ్లందర్ని ఠాణాకు తీస్కపోవాలె. ముందుగాల మీ అధ్యక్షుల సాబ్‌నే తీస్కపోవాలె."

కొమురెల్లి రొప్పుతూ జనంలోకి చూశాడు. బావ కనిపించాడు. "బావా, జర నువ్వన్న చెప్పు. ముందుగాల అచ్చింది నేనే గద."

బుచ్చిరాములు చేతిలో పత్రిక ఉంది. దూరపు పరుగులో కిషన్ రావు అవలీలగా గెలిచాడని అందులో అతనే రాశాడు. ఎదురుగా బల్ల మీద నూలు కట్ట తెల్లగా మెరుస్తోంది. ఒక్క మాట అంటే ఇంట్లో మగ్గం ఆడుతుంది. అదే మాట అంటే సవరణ పడుతుంది.

"కూసో కొమురెల్లీ," అన్నాడు. "వకీలుసాబ్ ఇంకా రాలే."

కొమురెల్లి రిబ్బను ముందు కూర్చున్నాడు. కాసేపటికి రెండోవాడు వచ్చి, సంగతి కనుక్కొని, పక్కన కూర్చున్నాడు. తర్వాత వచ్చినవాళ్లు అడగను కూడా అడగలేదు. అందరూ చుట్టలు పంచుకొని కాల్చారు. వానల గురించి మాట్లాడుకున్నారు.

పొద్దు వాలుతుండగా కిషన్ రావు టాంగాలో వేంచేశాడు. చేతిలో గోలీసోడా ఉంది. దారిలో ఒక మిత్రుడు భోజనానికి బలవంతపెట్టాడట. టాంగా అదే ఊపున రిబ్బను మీదికి పోబోయింది. అమీన్ ఒక్క గెంతున గుర్రం కళ్లెం పట్టుకున్నాడు. గుర్రం పేరు కూడా కాగితంలో లేదు. కిషన్ రావు దిగి, సోడా బుడ్డి ఎవరికో అందించి, రిబ్బను తెంపాడు. బ్యాండు మోగింది. ఉరికినవాళ్లంతా లేచి దుమ్ము దులుపుకొని చప్పట్లు కొట్టారు.

"ఈ గెలుపు నాది కాదు," అన్నాడు కిషన్ రావు నూలు కట్ట అందుకుంటూ. సభ ఒక్క క్షణం బిగుసుకుపోయింది. "ఇది మన వరంగల్లుది," అని ఆయన పూర్తిచేశాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇంటికి వెళితే విమలమ్మ గడపలోనే ఉంది. "ఏమయ్యా, నా తమ్ముడు ఉరికిండా లేదా?"

"ఉరికిండు."

"ముందుగాలచ్చిండా లేదా?"

"అచ్చిండు. గని అచ్చుల పడలే."

విమలమ్మ అన్నం పెట్టి, పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బుచ్చిరాములు ఒక్కడే కూర్చుని తిన్నాడు. తప్పులేని పత్రిక పక్కనే ఉంది కాని ఆ పూట దాన్ని చూడబుద్ధి కాలేదు.

కిషన్ రావు ఇంట్లో మగ్గం లేదు. వారం తిరక్కుండా ఆ నూలు కట్టను ఆయనే కొమురెల్లికి పంపి, తన సన్మానానికి ఒక మంచి శాలువా నేయమన్నాడు. కొమురెల్లి నేశాడు. దూరపు పరుగు వీరుడికి ఆ శాలువా కప్పే భాగ్యం కూడా కొమురెల్లికే దక్కింది. ఆ సభ దరఖాస్తు, ఆ సభ వార్త ఎవరు రాశారో చెప్పనక్కర్లేదు.

నాలుగేళ్లు తిరిగాయి. సర్కారు మారింది. అనుమతుల దఫ్తరు ఎత్తేశారు. ఆ గదిలో ఇప్పుడు ఎవరో గడ్డి దాచుకుంటున్నారు. అమీన్ ఎటో బదిలీ అయ్యాడు. నూలు కంట్రోలు ఒక్కటే మారలేదు, కిషన్ రావు అధ్యక్షత కూడా. 1949 క్రీడోత్సవానికి వారం ముందు ఆయన అదే శాలువా కప్పుకొని బుచ్చిరాములును పిలిపించాడు.

"రాములూ, పేర్లు రాసుకచ్చినవా?"

"ఎవలకియ్యాలె సార్? దఫ్తరే లేకపాయె."

"లేకపోతేంది? మనకంటు ఒక పద్ధతుండాలె గద. నాకు మోకాళ్లు నొస్తానయ్. ఈపాలి దూరపు పరుగుకు నీ మనసుల ఎవలున్నరో రాయి."

బుచ్చిరాములు కలం తీశాడు. నాలుగేళ్లుగా గుండెలో పెట్టుకున్న పేరు రాశాడు. రాస్తుంటే కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు న్యాయం జరుగుతున్నదని అతనికి మనస్ఫూర్తిగా అనిపించింది. శనివారం పత్రిక అచ్చయింది.

ఆదివారం అందరికంటే ముందు మైదానంలోకి వచ్చినవాడు నెక్కొండ వైపు రైతుబిడ్డ రాయమల్లు. కాళ్లకు చెప్పులు లేవు. ఒళ్లంతా చెమట. రిబ్బను దగ్గర లాఠీ లేదు, పోలీసు లేడు, కాగితం లేదు. అతన్ని ఆపినవాళ్లు ఎవరూ లేరు. రిబ్బను ఇంకో అడుగు దూరంలో ఉందనగా రాయమల్లు తనంతట తానే ఆగాడు. పొద్దున అతను పత్రిక కొనుక్కున్నాడు.

"కొమురెల్లన్న ఇంక ఎంత దూరమున్నడే?" అని అడిగాడు.

"అస్తాండు. కూసో," అన్నాడు బుచ్చిరాములు ఆప్యాయంగా.

పొద్దు వాలుతుండగా కిషన్ రావు టాంగాలో కొమురెల్లి వచ్చాడు. చేతిలో గోలీసోడా ఉంది. దిగి, రిబ్బను తెంపి, ఆ యేటి బహుమతి నూలు కట్ట భుజాన వేసుకున్నాడు. రాయమల్లు లేచి దుమ్ము దులుపుకొని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. తర్వాత బుచ్చిరాములును పక్కకు పిలిచి, మీదియేటికి పేరు పడాలంటే ఎవరిని కలవాలని మెల్లగా అడిగాడు. పిల్లవాడిలో మంచి క్రీడాస్ఫూర్తి ఉందని బుచ్చిరాములు ముచ్చటపడ్డాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మగ్గం కడిగి పసుపుకుంకుమలు పెట్టారు. విమలమ్మ మొగుడికి నెయ్యి వేసి అన్నం వడ్డించింది.

"ఈ యేడు ఆటలు మస్తు ధర్మంగ అయినయట గదయ్యా," అంది సంతోషంగా.

తమ్ముడు ఉరికాడా లేదా అని మాత్రం ఆమె అడగలేదు.